పొడుగు చెయ్యి

తన చివరి రోజు మధ్యాహ్నం మా ఆవిడ ఆ ఏటి స్వెట్టరు అల్లడం పూర్తిచేసి, ఊలు తెంపి, మంచం మీద పరిచింది. ఎప్పటిలాగే కుడిచెయ్యి అంగుళం పొడుగు.

"లెక్కల లెక్చరరు పెళ్ళానివి, రెండు చేతులు సమానంగా అల్లలేవా?" అన్నాను. ప్రతి చలికాలం నేను వేసే జోకే అది.

"కొలిచే అల్లాను మహానుభావా. ఒక్కసారి తొడుక్కుని ఏడవండి," అంది.

పొట్టిచేతుల చొక్కాలతోనే బతుకు గడిపినవాణ్ణి, ఎప్పటిలాగే అదీ తొడుక్కోలేదు. ఆ సాయంత్రం ఆమె గుండె ఆగిపోయింది.

నెల తర్వాత చలి ముదిరింది. ఆ చెయ్యి కత్తిరించి సరిచేయమని స్వెట్టరును దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆమె తప్పు దిద్ది వేసుకోవడమే ఆమెకు గౌరవం అనుకున్నాను.

"అల్లికకి కత్తెర పెడితే మొత్తం ఊడొస్తుంది సార్. ముందు తొడుక్కోండి, చూద్దాం," అన్నాడు దర్జీ.

తొడుక్కున్నాను. రెండు చేతులూ సరిగ్గా మణికట్ల దగ్గర ఆగాయి. దర్జీ నా భుజాల నుంచి టేపు పట్టి చూశాడు.

"స్వెట్టరులో తప్పు లేదు సార్. మీ కుడిచెయ్యే అంగుళం పొడుగు. అల్లినావిడెవరో బాగా కొలిచారు."

ఇంట్లో పెట్టెలో ఇలాంటివి ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పొట్ట దగ్గర పట్టినా పట్టకపోయినా, రేపు పొద్దున మా పెళ్ళైన ఏడాది అల్లినది తొడుక్కుని క్లాసుకి వెళ్తాను.