వదిలేసిన గీతలు

ప్రత్యూష పెన్సిల్‌తో గీసిన నాలుగు పేజీలు దశరథ్ బల్ల మీద పడ్డాయి.

"వీటికీ ఇంకు నువ్వే పెట్టు. సోమవారానికి కావాలి," అన్నాడు ఎడిటర్ కోదండరామయ్య.

"ఆమెవి ఆమెనే పెట్టుకుంటది గద సార్, ఎప్పుడూ?"

"ఈసారి నువ్వు పెట్టు."

దేశ రాజధాని అంచున, వైశాలి మెట్రో స్టేషన్ వెనక, మందుల షాపు పైన ఉంది ఆ ఆఫీసు. అక్కడ గీసిన బొమ్మల కథలు ఆరు భాషల్లో పిల్లల పుస్తకాలై పోతాయి. అందుకే కోదండరామయ్య ఒక పద్ధతి పెట్టాడు. మాటలు రాయకముందే పేజీలు బయటివాళ్ళెవరికైనా చూపిస్తారు. వాళ్ళు ఉత్త బొమ్మలు చూసి కథ చెప్పాలి. చెప్పలేకపోతే పేజీ వెనక్కే.

దశరథ్ పేజీ ఎప్పుడూ వెనక్కి రాలేదు. పాలమూరు పల్లె బళ్ళో పలక మీద నేర్చిన గీత అది. ఎద్దు ఎద్దులా ఉంటుంది. మనిషి మనిషిలా ఉంటాడు. ఎవరు ఎటు పోతున్నారో ఇట్టే తెలుస్తుంది. కానీ పదకొండేళ్ళుగా అతను ఎక్కువగా ఇతరుల బొమ్మలకు ఇంకు పెడుతూనే ఉన్నాడు. అట్ట మీద అతని పేరు ఒక్కసారీ పడలేదు.

ప్రత్యూష వచ్చి మూడేళ్ళు. రాజధానిలోనే, ద్వారక కాలనీల్లో పెరిగిన పిల్ల. వాన గీస్తే వెయ్యి గీతలు. జుట్టు ఎగిరితే పక్క గడిలోకి పోతుంది. గడులన్నీ ఏటవాలు. చూసినవాళ్ళు "వాహ్" అంటారు. కథేంటని అడిగితే నీళ్ళు నములుతారు. ఆమె పేజీలు సగం వెనక్కే వచ్చేవి. అయినా అందరూ ఫోన్లో ఫోటో తీసుకునేది వాటినే. దశరథ్ పేజీని ఇంతవరకూ ఎవరూ ఫోటో తీయలేదు.

ఇప్పుడు కొత్త సీరీస్ మొదలవుతోంది. ఒకే కథ ఇద్దరికీ ఇచ్చారు. యమున వరదలో మేకపిల్లను పోగొట్టుకున్న ముసలమ్మ కథ. ఇప్పుడు దశరథ్ బల్ల మీదున్న నాలుగు పేజీలూ ఆ కథవే. ఎవరి పేజీలు నిలిస్తే పన్నెండు పుస్తకాల అట్టల మీదా వాళ్ళ పేరే.

ప్రత్యూష కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దశరథ్ భయ్యా, మీ పేజీలు చూశా. ఏక్‌దమ్ రేషన్ కార్డు ఫోటోల్లా ఉన్నాయి."

"గుర్తువడితే చాలు గద."

"అచ్ఛా, నా వాన ఎలా ఉంది?"

"మస్తుంది. ఫ్రేము గట్టించుకో."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నవ్వు దూలగొండి నూగులా అతని మెడకు అంటుకుంది.

ఇంకు పెట్టేవాడి చేతిలో ఒక సంగతి ఉంది. పెన్సిల్ గీతల్లో అతను దేని మీద కుంచె నడిపితే అదే మిగులుతుంది. నడపని గీతను చివర్లో రబ్బరు తుడిచేస్తుంది. అక్కడ ఏదో ఉండేదని కూడా తెలియదు.

శనివారం ఆఫీసులో ఎవరూ లేరు. కూలర్ ఒక్కటే గుడగుడమంటోంది. దశరథ్ ముందు వానను వదిలేశాడు. వెయ్యి గీతల్లో ఆరు ఉంచాడు. తర్వాత జుట్టు. నీళ్ళలో సుళ్ళు, చీర మీద పూలు, మబ్బుల్లో మెలికలు. చేలో కలుపు తీసినట్టు సాలు వెంట సాలు పోయాడు. ఏటవాలు గడులను స్కేలు పెట్టి నిటారు చేశాడు. ఎక్కడ పీకితే ఆ పిల్లకు నొప్పో అతనికి బాగా తెలుసు. మూడేళ్ళుగా ఆ గీతలను దొంగచూపులు చూస్తున్నవాడు.

రబ్బరు కొట్టి, పొట్టు ఊదాడు. గుండు కొట్టించినట్టు బోసిపోయింది పేజీ. వాహ్ అంటారుగా, ఇప్పుడనండి.

సోమవారం మధ్యాహ్నం, ఆఫీసుకు భోజనాలు తెచ్చే జానకీదేవిని కూర్చోబెట్టారు. ముందు దశరథ్ పేజీలు.

"ముసలమ్మకో మేకపిల్ల. వరదొచ్చింది. మేకపిల్ల కొట్టుకుపోయింది. ఆవిడ ఏడ్చింది. అంతేగా బాబూ? బాగుంది."

ఒక్క తప్పు లేదు. దశరథ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

తర్వాత రెండోవి. ప్రత్యూష మాత్రం తన పేజీల వైపు చూడనే లేదు. జానకీదేవి మొహమే చూస్తోంది.

"అయ్యో, తాడు వదిలేసిందే ఈవిడ! చెయ్యి జారడం కాదు, కావాలనే వదిలింది. లాగితే మేకపిల్ల మెడకు బిగుసుకుంటుందని. చూడండి, వేళ్ళెలా తెరిచిందో..."

ఆమె వేలు గడి నుంచి గడికి పోయింది. ఎక్కడా తడబడలేదు. నాలుగో పేజీకి కొంగు కళ్ళ మీదికి వెళ్ళింది.

"సాంబారు చల్లారిపోతోంది," అంటూ లేచింది. పేజీ మాత్రం చేతిలోనే ఉంది.

దశరథ్ తొంగి చూశాడు. ఆ వేళ్ళు. వాన కింద, జుట్టు కింద అవి మొదటి నుంచీ ఉన్నాయి. అలాంటి వేళ్ళు అతను జన్మలో గీయలేడు.

సీరీస్ ప్రత్యూషకు ఇచ్చారు. అందరూ ఫోన్లు తీశారు. ఆమె బర్ఫీ పొట్లంతో తిన్నగా దశరథ్ దగ్గరికే వచ్చింది.

"షుక్రియా భయ్యా."

వెటకారమేమో అని మొహం చూశాడు. అందులో వెటకారం లేదు. అదే అతన్ని నిలవనివ్వలేదు. సాయంత్రం కోదండరామయ్య గదిలోకి వెళ్ళి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటయ్యా?"

"ఆ పేజీలు ఖరాబ్ చేద్దామనే చేసిన సార్. ఆమె గీసినయి సగం పీకేసిన. కడుపుమంట సార్, ఓర్వలేకపోయిన. పనిలకెళ్ళి తీసేస్తే తీసెయ్యిండ్రి."

కోదండరామయ్య పెన్ను కింద పెట్టాడు.

"ఇంకు నీ చేతే పెట్టించమని నా వెంటపడింది ఆ అమ్మాయేనయ్యా, తన గీతలు తీయడానికి తనకు చేతులు రావట, వాటిని చూస్తే ఒళ్ళు మండే మనిషైతేనే అక్కర్లేనివి పీకి పారేస్తాడట."