డేరాల పరీక్ష

ఈ మనిషి డేరాలు పట్టుకుని ఉడాయిస్తాడేమోనని యాదగిరికి మొదటి మాటకే అనుమానం వచ్చింది.

వచ్చినాయన పేరు కామేశ్వరరావు. ఫ్యాక్టరీ ఉద్యోగుల పిల్లలకు సెలవుల్లో మంజీర ఒడ్డున క్యాంపు పెడతారట. డేరాలు ఎంచే పని తనదట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఉన్న డేరాలన్నీ కిరాయి లేకుండా రెండు రోజులు ఇమ్మంటాడేమిటి!

"పిల్లలు పడుకునేవండీ. మా కాలనీ గ్రౌండులో వేసి, మనుషుల్ని పడుకోబెట్టి చూస్తేగానీ నమ్మకం కుదరదు. నచ్చితే ఏటా మీ దగ్గరే తీసుకుంటాం."

ఆ 'ఏటా' అన్న మాట దగ్గర యాదగిరి పడిపోయాడు. పటాన్‌చెరులో షామియానాలు కిరాయికిచ్చి కూడబెట్టిందంతా ఈ కొత్త డేరాల్లో పోశాడు పాపం. ఒక్క క్యాంపు మొహమైనా చూడకుండా అవి మూలన మూలుగుతున్నాయి. ఈ బేరం తప్పితే పెళ్లాం ముందు తలెత్తుకోలేడు. అలాగని నమ్మి ఇచ్చేస్తే? పోయినేడు కుర్చీలు తీసుకెళ్లినవాడి అయిపూ అజా ఇప్పటిదాకా లేదు.

చివరికి బామ్మర్ది చిన్నరాములును డేరాల వెంట పంపాడు.

"జెర గూడ కన్ను పక్కకు తిప్పకు. ఒక్క మేకు పోయినా నిన్నే అడుగుత."

"నేనుండంగ ఎట్ల పోతయి బావా?"

మూడో రోజు డేరాలన్నీ తిరిగొచ్చాయి, తాళ్లు, మేకులతో సహా. తడి మీద మడిస్తే బూజు పడుతుందని ఎండలో ఆరబెట్టి మరీ తెచ్చాడు కామేశ్వరరావు. చిన్నరాములు కూడా కాస్త ఒళ్లు చేసి వచ్చినట్టున్నాడు. ఛీ, ఇంత పెద్దమనిషిని దొంగ అనుకున్నానే అని యాదగిరి సిగ్గుపడి చాయ్ తెప్పించాడు.

"నచ్చినయా సార్?"

"లాభం లేదండీ. గుమ్మం మరీ కిందికుంది. ముసలాళ్లు వంగి దూరలేక నానా అవస్థ పడ్డారు."

పిల్లల క్యాంపులో ముసలాళ్లెందుకని యాదగిరికి తోచేలోపే ఆయన స్కూటర్ మలుపు తిరిగింది.

యాదగిరికి ఉసూరుమనిపించింది. పోనీలే, సొత్తయినా దక్కింది అనుకుంటూ డేరాలు విప్పాడు. దులపందే లోపల పెట్టడు, అది అతని పద్ధతి. మొదటిదాన్ని దులిపితే మూలల్లోంచి పసుపు బియ్యం జలజలా రాలాయి. రెండోదాంట్లోనూ అంతే.

"ఏందిరా ఇవి?"

చిన్నరాములు జేబులోంచి లడ్డూ తీసి సగం తుంచి బావకిచ్చాడు.

"అక్షింతలు బావా. సారు బిడ్డ పెండ్లి గద, మగపెండ్లోళ్లంత మన డేరాలల్లనే దిగిన్రు... గట్ల సూస్తవేంది, ఒక్క మేకన్న పోయిందా?"