లైను వదలండి

“పార్డీ గారూ, లైను వదలండి. ఎనిమిదిన్నరయింది.”

ఫోనులోకి దూరిన ఆ గొంతు వినగానే స్కిప్పర్ ఎబెన్ పార్డీకి ఒళ్ళు మండింది. ఆయన తమ్ముడితో కొత్త పడవ గురించి మాట్లాడుతున్నాడు.

“నా మాట ఇంకా అవలేదమ్మా.”

“గాలీ వానా మీ మాట అయ్యేదాకా ఆగవండీ.”

ఆయన ఫోను ఠక్కున పెట్టేశాడు.

న్యూఫౌండ్లాండ్ దక్షిణ తీరంలో ఆ చేపల రేవుకు ఉన్నది ఒకటే టెలిఫోన్ లైను. పదిహేడు ఇళ్ళు దాన్నే పంచుకునేవి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినవచ్చు. వినేవారు కూడా.

హెస్టర్ లోవెల్‌ను వాతావరణ కేంద్రం వాళ్ళు పంపారు. చర్చి వెనక అద్దె ఇంట్లో ఒక్కతే ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు, మధ్యాహ్నం రెండున్నరకు గాలినీ మబ్బునూ బారోమీటరునూ చూసి, అంకెల్లోకి మార్చి, ఫోనులో కేంద్రానికి చదివేది.

“బయట పొగమంచని ఈవిడ చెప్పాలా?” అనేది డ్రుసిల్లా అత్త లైనులోనే. “వాళ్ళ ఆఫీసుకు కిటికీల్లేవా?”

లైనంతా నవ్వేది. హెస్టర్ మాత్రం తర్వాతి అంకె చదివేది.

చివరికి ఎబెనే ఫోను కంపెనీకి అర్జీ రాశాడు. పదహారు ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా హెస్టర్ ఇంట్లో ఫోను తీసేశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె కొండదారిలో ఎదురైంది.

“ఎక్కడికి?” అన్నాడు ఎబెన్.

“లైట్‌హౌస్‌కి. అక్కడ రేడియో ఉంది.”

“రెండున్నర మైళ్ళు! రోజూ రెండుసార్లు నడుస్తావా?”

“నడుస్తాను.”

“మంచు పడితే?”

“కాస్త ముందు బయల్దేరతాను.”

అన్నట్టే చేసింది. చలికాలమంతా మోకాలి లోతు మంచులో, తలకు శాలువా చుట్టుకుని వెళ్ళేది, వచ్చేది. కిటికీల్లోంచి అందరూ చూసేవారు. లోపలికి వచ్చి ఓ కప్పు టీ తాగమని ఎవరూ అనలేదు.

మరుసటేడు సెప్టెంబరులో ఒక గురువారం. ఎండ కాస్తోంది. ఊరి పడవలు పదకొండూ సముద్రం మీదున్నాయి.

మధ్యాహ్నం పన్నెండుకు పడవలో రేడియో చెప్పింది: సాయంత్రానికి పెనుతుఫాను, అందరూ వెంటనే రేవుకు చేరాలి.

“ఈ ఎండలోనా!” అన్నాడు ఎబెన్ అల్లుడు.

“నోరు మూసుకుని వల కొయ్యి,” అన్నాడు ఎబెన్.

వలలు నీళ్ళలోనే వదిలేసి వచ్చేశారు. అయిదింటికి పదకొండో పడవ రేవులోకి వచ్చింది. ఆరింటికి చేపల షెడ్డు కప్పు ఎగిరిపోయి చర్చి గోడకు కొట్టుకుంది. తెల్లారాక ఊరంతా ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

శనివారం స్టీమరు వచ్చింది. ఇంటివాళ్ళు తమ ఇల్లు కావాలన్నారని హెస్టర్ పెట్టె సర్దుకుని రేవుకు వచ్చింది. రెండు చేతులా ఈడుస్తోంది. ఎబెన్ అక్కడే తాడు ముడులు విప్పుతున్నాడు. లేవలేదు.

“పడవలన్నీ వచ్చాయటగా?” అంది.

“వచ్చాయి. ఆ రేడియోవాళ్ళ పుణ్యం.”

“మంచిదండీ,” అని స్టీమరెక్కింది.

ఇంటికొచ్చాక ఎబెన్‌కు తోచింది, ఆ పుణ్యాత్ములకు ఒక మాట చెప్పాలని. కేంద్రానికి ఫోను చేశాడు. లైనులో టకటకా ఫోనులు లేచిన చప్పుడు. ఊరంతా వింటోంది.

“మా పిల్లల్ని బతికించారు బాబూ,” అన్నాడు.

“మేం కాదండీ,” అన్నాడు అవతలి మనిషి. “ఆ రోజు అటువైపు సముద్రంలో కబురు చెప్పే ఓడ ఒక్కటీ లేదు. తుఫాను ఎటు తిరిగిందో ఎవరికీ తెలీదు. పొద్దున ఎనిమిదిన్నరకు మీ ఊరి అంకెలొచ్చాయి. బారోమీటరు అంత పడిందంటే నమ్మలేక మళ్ళీ చదివించుకున్నాం. పావుగంటలో ఆ అంకెలు టెలిప్రింటర్ల మీద మాంట్రియల్, వాషింగ్టన్, లండన్, లిస్బన్ చేరాయి. పోర్చుగీసు వాళ్ళు కూడా తమ పడవల్ని వెనక్కి పిలుచుకున్నారు. పంపిందెవరని నిన్న లిస్బన్ నుంచి అడిగారు. హెస్టర్ గారిని ఒకసారి పిలుస్తారా?”

ఎబెన్ కిటికీలోంచి చూశాడు. కొండకొమ్ము అవతల స్టీమరు పొగ పలచబడుతోంది.

“వెళ్ళిపోయింది,” అన్నాడు మెల్లగా. “మీరు ఇంకో ఊరికి వేశారేమో అనుకున్నాం.”

“మేమా?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

“మీ అర్జీతో ఫోను పోయాక ఆ ఉద్యోగం ఎత్తేశామండీ, నిరుడు జూలైలోనే. ఆపేయమని రాస్తే, ‘లైను సంగతి నేను చూసుకుంటాను’ అని ఒక్క ముక్క జవాబిచ్చింది. జీతం లేకుండా పద్నాలుగు నెలలు కొండెక్కి దిగుతుంటే, మీ ఊరి ఆడపడుచైపోయిందేమో అనుకున్నాం.”