మధ్య కాలు

“మీ బావతో చెప్పు, టీ చల్లారిపోతోందని,” అంది అక్క.

బావ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఒకే షాపు, ఒకే సాల్డరింగు పొగ, ఎదురెదురు బల్లలు. మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేక మూడో రోజు. “దానికేం తెలుసు, తీగలు చుట్టడం తప్ప” అని కస్టమరు ముందు నోరు జారాడు బావ. సారీ అనే రెండక్షరాలు మాత్రం ఆ నోట్లోంచి జారవు.

“మీ అక్కతో చెప్పు, తాగుతానని.”

“నేనేమన్నా ట్రాన్సిస్టరునా బావా, మధ్యలో నిలబడి మీ గొణుగుళ్లు పెంచి వినిపించడానికి? సాయంత్రం పాటల పోటీ ఉంది. నా యాంప్లిఫయరు సంగతి చూడు,” అన్నాడు తమ్ముడు.

“ఇది పలక్కపోతే జనం బతికిపోతారు కదరా.”

అంటూనే మాడిన ట్రాన్సిస్టరు పీకి కొత్తది అతికించాడు బావ. తమ్ముడు మైకులో పాట ఎత్తుకున్నాడు. స్పీకరు మీద వాలిన ఈగ కూడా కదల్లేదు.

“స్పీకరు పోయింది. పారేయ్.”

తమ్ముడి ముఖం వాడిపోయింది. అక్క మెడ చాచి బోర్డు వంక చూసింది.

“మీ బావతో చెప్పు, స్పీకరు బానే ఉందని.”

“మీ అక్కతో చెప్పు, ట్రాన్సిస్టరు మూడు కాళ్లలో మధ్యదే బేసని. మైకు తీగ అక్కడికే ఇచ్చానని.”

అక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“ఈ రకంలో మధ్యది కలెక్టరండీ, సప్లై కరెంటు వచ్చే కాలు. బేసు అంచున ఉంటుంది. మైకులోంచి వచ్చేది చీమంత మాట. అది బేసుకి చేరితేనే కదా, సప్లై కరెంటు దాని తాళానికి ఆడి స్పీకరు దాకా వచ్చేది? మీరు తలుపు వదిలేసి గోడకి చెప్పుకున్నారు. పైగా స్పీకరు మీద నెపమా?”

అక్కడితో ఆగలేదు. ట్రాన్సిస్టరు కాళ్ల నుంచి చల్లారిన టీకి, టీ నుంచి మొన్నటి కస్టమరుకి, అక్కడి నుంచి అత్తగారి దాకా వెళ్లింది. బావ తలూపుతూ, “అవునే, నిజమే,” అంటూ చల్లటి టీ అమృతంలా తాగాడు.

అక్క కాళ్లు మార్చి అతికించింది. తమ్ముడు గొంతెత్తగానే అద్దాల బీరువా గడగడలాడింది.

ఆ మోతలో బావ వాడి చెవి దగ్గరికి వంగాడు. “పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిరా. బేసు ఎక్కడుంటుందో నాకు తెలియదా?”

అక్క బోర్డు మీంచి తలెత్తకుండానే అంది:

“పోయినసారి అలిగినప్పుడూ ఇదే కాలు మార్చారు. సారీ ఎలాగూ రాదు, కనీసం తప్పయినా కొత్తది చెయ్యొచ్చు కదండీ.”