ఇరవై శాతం, ఒక మీసం

“ఈ బేటరీ బండి లోడుతో కిందకి దిగిందంటే నా మీసం తీయించీసుకుంటాను,” అన్నాడు అప్పలకొండ, అందరికీ వినిపించేలా.

కొండ మీద ఇనుప రాయి తవ్వే చోట నిలబడ్డ నలభై మందీ గుసగుసలు ఆపేశారు. అప్పలకొండ మీసం అంటే మాటలు కాదు. పాతికేళ్ల కిందట విజయనగరం నుంచి ఈ బస్తర్ కొండలకు డంపర్ డ్రైవరుగా వచ్చినప్పుడు ఆయనతో పాటే వచ్చింది. ఇంట్లో భార్య సూర్యకాంతం జడ కన్నా ఆ మీసానికే ఎక్కువ నూనె ఖర్చవుతుందని కాలనీ ఆడవాళ్లు మేలమాడేవారు. కొండ మీద డ్రైవర్లంతా ఆయన మాట మీదే నడుస్తారు.

అభిషేక్‌కి మాత్రం ఆ పందెం నచ్చలేదు. ఉక్కు కంపెనీలో పర్యావరణం పనులు చూసేది అతనే. డీజిల్ బండ్లు తగ్గించాలని కొత్త నిబంధన తెస్తూ, పొగ ఎలా తగ్గిస్తారో చెప్పమని ప్రభుత్వం ఉక్కు కంపెనీలన్నిటినీ అడిగింది. జవాబుగా రెండు ఉత్తరాలు తయారై ఉన్నాయి. ‘మా కొండల్లో బ్యాటరీ బండ్లు నడవవు, పదేళ్లు మినహాయింపు ఇవ్వండి’ అని ఒకటి. ‘కొత్త నిబంధన మాకు సమ్మతమే, డీజిల్ డంపర్లు మానేస్తాం’ అని ఇంకొకటి. రెండోది అభిషేక్ రాసింది. ఏది పంపాలో జనరల్ మేనేజర్ లక్ష్మణ్ ఇవాళ తేల్చేస్తాడు. మొదటిది వెళితే ఈ బ్యాటరీ డంపర్ వచ్చిన దారినే పోతుంది. దాన్ని నడపడం నేర్చుకున్న హిడ్మే, ఆమెతోటి మరో ఎనిమిది మంది ఆడపిల్లలు ఎర్రబోరు వైపు ఊళ్లకు తిరిగిపోవాలి.

పోయిన వారం పరీక్షలో పరువు పోనే పోయింది. పొద్దున్నే ట్యాంకు నింపనిదే బండి కదిలించకూడదని ఇక్కడి డ్రైవర్ల ఆనవాయితీ. అదే లెక్కన కొండ మీదే బ్యాటరీని గొంతు దాకా నింపి, లోడు వేసి వదిలారు. డీజిల్‌కు అలవాటు పడ్డ డ్రైవరు బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. సగం దారిలో చక్రాల దగ్గర కమురు వాసన, పొగ. పొగ మాన్పించడానికి వచ్చిన బండే పొగేసిందని క్యాంటీన్‌లో వారమంతా అదే కబురు.

“ఈ కుర్రాడు మెచ్చుకుంటే నేను నమ్మను అప్పలకొండా. నువ్వు ఓడితే నమ్ముతాను,” అన్నాడు లక్ష్మణ్. “పరీక్ష ఎలా పెట్టమంటావో నువ్వే చెప్పు.”

“నిండా చార్జింగెట్టి దింపితే గొప్పేటి బాబూ? ఇరవై శాతమే ఉండాల. లోడు నిండుగా ఉండాల. ఇదిగో, ఈ పిల్లే దింపాల.”

వేలు హిడ్మే వైపు తిరిగింది. ఆమె తల వంచుకుంది.

అభిషేక్‌కి ఒళ్లు మండిపోయింది. “నిండా ఉంటేనే దిగలేదు. ఇరవైతో ఎలా దిగుతుంది? ఆ అమ్మాయి నోటికాడ కూడు లాగేస్తున్నారు మీరు.”

“దిగదంటే ఇప్పుడే సెప్పీండి. ఉత్తరం అంపీసుకుంటారు,” అంటూ అప్పలకొండ తన పాత డంపర్ ఎక్కి పక్కకు తీశాడు. తీసే ముందు స్టీరింగ్ మీద రెండుసార్లు తట్టాడు. ఎక్కినా దిగినా మలుపొచ్చినా అలా తట్టడం ఆయన అలవాటు.

బ్యాటరీ ఇరవైకి వచ్చేదాకా ఖాళీ బండిని పైనే తిప్పి, లోడు వేశారు. అభిషేక్ కూడా ఎక్కి హిడ్మే పక్కన కూర్చున్నాడు.

“భయంగా ఉందా?” అని అడిగాడు.

“నాకెందుకు సార్ భయం? మీరే వణుకుతున్నరు. ఆ కడ్డీ పట్టుకోండి.”

మొదటి మలుపు వచ్చింది. హిడ్మే స్టీరింగ్ మీద రెండుసార్లు తట్టి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసింది. బ్రేకు జోలికి పోలేదు. ఇంత బండీ బుద్ధిగా నెమ్మదించింది. తెర మీద ఇరవై కాస్తా ఇరవై ఒకటి అయింది. అభిషేక్ కళ్లు నులుముకున్నాడు.

“పెరుగుతోందేంటి?”

“లోడు ఉరుకుదామని సూస్తది సార్. ఆ ఉరుకుడంతా మోటారు మింగి కరెంటు జేస్తది. కడుపు నిండా పెట్టి ఇంకా తినమంటే ఏడ తింటది? పోయినసారి అయిందదే.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“రోడ్డు సూడనియ్యండి సార్.”

కింద ఆగేసరికి తెర మీద ముప్పై ఒకటి ఉంది. ఎక్కించిన కరెంటు లేదు, పోసిన చుక్క డీజిల్ లేదు. కొండ దిగి సంపాదించుకుంది బండి. ఎనిమిది మంది పిల్లలూ పరుగున వచ్చి హిడ్మేను ఎత్తుకుని చేతులు కలిపి ఆడారు. లక్ష్మణ్ తెరను రెండుసార్లు చూసి, జీపు బానెట్ మీదే రెండో ఉత్తరానికి సంతకం పెట్టాడు. అభిషేక్‌కి ఇంత సంతోషం ఉద్యోగంలో చేరిన రోజు కూడా లేదు.

“మీసం ఏదీ?” అని ఎవరో అరిచారు. చూస్తే అప్పలకొండ అక్కడ లేడు.

గెలిచినవాడికి జాలి సులువుగా పుడుతుంది. పాతికేళ్ల మీసం, ఒక్క ఆవేశపు మాటకు పోతుందే అని అభిషేక్ బాధపడ్డాడు. కాలనీ గేటు దగ్గర మంగ్లూ క్షవరం దుకాణానికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. అప్పటికే అప్పలకొండ మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని, దర్జాగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“లేవండి, అప్పలకొండ గారూ. పందేన్ని ఎవరూ పట్టించుకోరు. లక్ష్మణ్ గారితో నేను మాట్లాడతాను.”

“మాటంటే మాటే బాబూ. కానీరా మంగ్లూ.” కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టాడు.

అభిషేక్ మంగ్లూ చెయ్యి పట్టుకుని ఆపాడు. “తొందరపడకు. పొద్దున ఏదో ఉడుకులో పందెం కాశారు. ఇప్పుడు ఓడిన బాధలో వచ్చారు.”

మంగ్లూ కత్తి పట్టుకుని అతని వైపు వింతగా చూశాడు.

“మీసం తీయాలె, అయిదింటికి కుర్చీ ఖాళీగ ఉంచమని నిన్ననే చెప్పిపోయిండు గద సార్.”