గడువుకు ముందే విడిపించిన తొర్ర

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఉడుత తొర్ర ఊడ్చి, బాదంకాయలను మూడు దొప్పల్లోకి పంచింది. మొదటిది పిల్లల తిండికి, రెండోది వానాకాలానికి, మూడోది పందికొక్కు బాకీకి. కరువు ఏడాది తొర్రను దానికే తాకట్టు పెట్టింది. ఒక్క వాయిదా తప్పినా తొర్ర పోతుంది. గడువు ఇంకా నాలుగేళ్లుంది.

ఆ రోజు మూడో దొప్పతో బాకీ మొత్తం తీరిపోయింది.

పందికొక్కు రెండుసార్లు లెక్కపెట్టింది. "ముందే తీర్చే రివాజు మా కలుగులో లేదు కోడలా. అంత తొందరేమొచ్చింది?"

"గాలివానకు రాలిన కాయలతో మీరంతా విందులు చేసుకున్నారు మావా. నేను ఈ దొప్పలో వేశాను."

"పిల్లల్ని పస్తులుంచావా?"

"మొదటి దొప్ప నిండాకే దీన్ని ముట్టేదాన్ని."

పక్క చెట్టు కొమ్మ మీద ఉన్న ఒక కాకి ఇదంతా వింది. ఖాళీ దొప్పతో తిరిగి వెళుతున్న ఉడుతను కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత కాకి ఉడుత పిల్లల్ని ఆపి, వాళ్లమ్మను మెచ్చుకుంది. అవి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తొర్ర తాకట్టులో ఉండేదన్న సంగతే వాటికి తెలియదు.