గ్లౌజు కోడి

బాబీ కేక పెట్టాడు. ఆ కేకకి అక్కడెక్కడో ఆటోనగర్‌లో సుత్తులన్నీ ఒక్కసారి ఆగిపోయి ఉంటాయి.

నాలుగేళ్ల పిల్లాడు. కనుబొమ్మ కింద చీరుకుపోయి నెత్తురు కారుతోంది. కుట్లు పడాలి. కంటి పక్కనే సూది. వాడు తల విదిలించాడంటే కన్నే పోతుంది.

పట్టుకోబోయిన వార్డుబాయ్ చెయ్యి కొరికాడు. డాక్టర్ జయకృష్ణ చొక్కా మీద భళ్లున కక్కాడు. అంతా పెరుగన్నం.

నానమ్మ అమలమ్మ అన్నం గిన్నెతో సహా క్యాజువాలిటీకి వచ్చేసింది మరి. ముద్దకి నెత్తురంటుకుంటున్నా వాడి నోట్లో కుక్కుతూనే ఉంది.

"ఛీ! ముందా గిన్నె తీయండి," అంది నర్సు శాలిని.

"పొద్దుట్నించీ ఏం తిన్లేదు పిల్లోడు!"

ఏడ్చే పిల్లల్ని ఆపడంలో శాలినికి పెద్ద పేరు. గ్లౌజు ఊది, కళ్లు గీసి కోడిని చేసిందంటే ఎంతటి ఏడుపైనా ఆగాల్సిందే. ఇందాకే మైలవరం పిల్ల, చెయ్యి విరిగి కూడా, పకపకా నవ్వింది.

"శాలినీ, ఉండగలవా? ఇంకెవర్నైనా పిలవనా?" అన్నాడు డాక్టర్.

"ఉంటాను సార్."

కోడితో దగ్గరికెళ్లింది. బాబీ మంచం మీంచి దూకబోయాడు.

"పొడుస్తది! నానమ్మా, పొడిచేస్తది!"

శాలిని ఆగిపోయింది. "అసలు దెబ్బెలా తగిలింది?"

"అన్నం తినకుండా పరుగులు పెడతన్నాడు. అదిగో వస్తంది, సూది పొడుస్తది అన్నా. బెదిరిపోయి గడప మీద పడ్డాడు."

"రోజూ ఇలాగే అంటారా?"

"అనకపోతే ముద్ద దిగుద్దా? నువ్వొక్క పూట తినిపించి చూడు, తెలుస్తది."



ఇంకో నర్సు కనకదుర్గ ఆమె చేతిలోంచి కోడిని లాక్కుంది. "నువ్వెళ్లవే. నువ్వుంటే వాడాగడు."

శాలిని పచ్చ తెర వెనక్కెళ్లి నిలబడింది.

అంతే. బాబీ కోడి ముక్కు పట్టుకుని నవ్వాడు. కనకదుర్గ కోడి కూత కూస్తుంటే కుట్లు పడిపోయాయి.

"పోయిందా నానమ్మా?"

"పోయింది నాన్నా."

"మనింటికి రాదుగా?"

"అన్నం తింటే రాదులే," అంది అమలమ్మ మళ్లీ ముద్ద కలుపుతూ, తెర వెనకున్న కోడలికి, వాడి కన్నతల్లికి, వినపడేలా.